నిద్రలో పాపం లేదు, మెలకువలో బాధ్యత ఉంది

ఫజ్ర్ అజాన్‌కు ఇంకా కొంత సమయం ఉంది. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి. భర్త వుజూ చేసుకుని, టోపీ పెట్టుకుని గడప దాటబోతుండగా భార్య ఆపింది.

"స్నానం చేయకనే మసీదుకు పోతున్నరా?"

"ఎందుకు చేయాలె?"

ఆ జవాబు విని ఆమె నిలువునా నీరైపోయింది. రాత్రి జరిగినదంతా జరిపి, తెల్లవారగానే ఏమీ ఎరగనట్లు మాట్లాడే మనిషి తనను ఎగతాళి చేస్తున్నాడనుకుంది. భర్త కూడా అంతే ఆశ్చర్యపోయాడు. రాత్రి ఇషా తరువాత పడుకోవడం, ఇప్పుడు లేవడం తప్ప ఆయనకు మరేమీ గుర్తులేదు. ఆమె ఏదో కలగని తన మీద నిందవేస్తోందని ఆయన అనుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్న, ఆ ఒక్క జవాబు మా సంసారాన్ని ఆరు నెలల్లో ఖులా అంచు దాకా తీసుకుపోయాయి.

మేమంటే ఆ భార్యాభర్తలమే. ఈ నాలుగు మాటలు ఇద్దరం కలిసి కూర్చుని రాస్తున్నాము. విడివిడిగా చెప్పవలసిన చోట భర్త అనీ, భార్య అనీ రాస్తాము. మా ఊరు గట్టు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉంటుంది. పేర్లు రాయడం లేదు. ఇది కీర్తి కోసం చెప్పే సంగతి కాదు.

రాయవచ్చునా, రాయకూడదా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డాము. పడకగది ముచ్చట్లను నలుగురిలో చెప్పుకునే భార్యాభర్తలను దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా మందలించారో ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. ఆ హెచ్చరికే మమ్మల్ని ఇన్నేళ్ళు ఆపింది. అయితే మేము ఎరిగిన ఒక ఆలిమ్ గారిని అడిగినప్పుడు ఆయన హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) ఉదంతాన్ని గుర్తుచేశారు. నిద్రలో స్త్రీకి కూడా పురుషునికి వలె జరిగితే ఆమె గుసుల్ చేయాలా అని ఆమె నేరుగా దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి అడిగారు. సత్యం విషయంలో అల్లాహ్ సంకోచించడని ముందుగా చెప్పి మరీ అడిగారు. ఆయన కోపగించుకోలేదు, జవాబు చెప్పారు. సరదాకు చెప్పుకునే ముచ్చట వేరు, హాని తొలగించుకోవడానికి అడిగే ప్రశ్న వేరు. ఈ తేడాను పట్టుకుని, హద్దు దాటకుండా రాసే ప్రయత్నం చేస్తున్నాము.

ఆ వానకాలం

అది 2016. మా ప్రాంతంలో సీడు పత్తి పండించే ఇళ్ళలో ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఎలా ఉంటాయో తెలిసినవారికి చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఆడ మొక్కల మొగ్గలను ఒక్కొక్కటిగా వలిచి, పుప్పొడి ఉండే భాగాన్ని తీసివేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి వాటికి అద్దాలి. ఒక పూట తప్పితే ఆ పువ్వు మరి విత్తనానికి పనికిరాదు. అందుకే ఆ రెండు నెలలు పండుగా ఉండదు, జ్వరమూ ఉండదు.

దానికి తోడు రాత్రి కరెంటు. వ్యవసాయానికి విద్యుత్తు అప్పట్లో వంతులవారీగా వచ్చేది. మా వంతు రాత్రివేళ పడిన వారాల్లో భర్త అర్ధరాత్రి లేచి మోటారు దగ్గరకు పోయేవాడు. మళ్ళ తడిపి, రెండు మూడు గంటలకు ఇంటికి వచ్చి పడుకునేవాడు. ఫజ్ర్‌కు మళ్ళీ లేచేవాడు. ఇలా వారాల తరబడి సరైన నిద్ర లేదు. ఆర్గనైజరు దగ్గర తెచ్చిన అడ్వాన్సు, కూలీల బాకీ, విత్తనం పరీక్షలో నెగ్గుతుందో లేదో అన్న దిగులు వేరే. పరీక్షలో పోతే ఏడాది కష్టం పోయినట్లే.

భార్య అనుభవించిన కష్టాన్ని మర్యాదకు లోబడి ఇంతవరకే చెప్తాము. నిద్రపోయిన గంటకో రెండు గంటలకో భర్త ఆమె మీదికి వచ్చేవాడు. మామూలుగా ఆయన నెమ్మదస్తుడు. అప్పుడు మాత్రం మొరటుగా, ఒక్క మాట లేకుండా ఉండేవాడు. కళ్ళు తెరిచి ఉండేవి, చూపు మాత్రం ఆమె మీద ఉండేది కాదు. వద్దంటే వినిపించేది కాదు. పేరు పెట్టి పిలిచినా పలికేవాడు కాదు. కొన్నిసార్లు ఆమె చేతుల మీద కమిలిన గుర్తులు మిగిలేవి. కాసేపటికి ఏమీ జరగనట్లు పక్కకు తిరిగి గురకపెట్టేవాడు.

ఒక రాత్రి ఆమెకు నెలసరి. ఆ రోజుల్లో భార్య దరికి చేరరాదన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశాన్ని మాలో భర్త పెళ్ళయిన నాటి నుంచి ఒక్కసారి కూడా మీరలేదు. ఆ రాత్రి మీరబోయాడు. ఆమె మంచం దిగి పిల్లల దగ్గరకు పారిపోయింది. తన భర్త పగలు నమాజు చేసి రాత్రి వేషం మార్చే కపటి అని ఆమె మనసులో ముద్రపడిపోయింది. మరుసటి రోజు ఏడుస్తూ అడిగింది. ఆయన అల్లాహ్ మీద ప్రమాణం చేసి తనకు తెలియదన్నాడు. అబద్ధపు ప్రమాణం కూడా చేస్తున్నాడని ఆమె ఇంకా కుంగిపోయింది.

నలుగురి మాటలు

విషయం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆయన రాత్రిళ్ళు వేరే మనిషిలా అయిపోతున్నాడని మాత్రం ఇంటి పెద్దలతో అన్నాము. అంతే, అసర్ అయిందన్నారు. పొలంలో అర్ధరాత్రి తిరిగినవాడికి జిన్ను పట్టక ఏమవుతుందన్నారు. ఒక ఆమిల్ దగ్గరకు తీసుకుపోయారు. ఆయన తాయెత్తు కట్టాడు, నీళ్ళు ఊదాడు, పదకొండు వారాలు రమ్మన్నాడు, వారం వారం డబ్బు తీసుకున్నాడు. జిన్నాతుల ఉనికిని మేము విశ్వసిస్తాము, అది మన ఈమాన్‌లో భాగం. కానీ మనకు అర్థంకాని ప్రతి జబ్బునూ వారి మీదికి నెట్టమని ధర్మం చెప్పలేదు. అల్లాహ్ మందు లేని వ్యాధిని దించలేదని బుఖారీ హదీసులో ఉంది. ఆ మందు వెతకవలసిన బాధ్యత మన మీద ఉందని ఆ మాటకు అర్థం.

తరువాత ఒక ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్ళాము. నిద్ర సరిగా లేదని చెప్పగానే నిద్రమాత్రలు ఇచ్చాడు. అవి వేసుకున్న రాత్రుల్లో సంగతి మరింత ముదిరింది. ఆ మాత్రలకూ దీనికీ సంబంధం ఉండవచ్చని అప్పుడు మాకు తట్టలేదు.

అక్టోబరులో దసరా నాడు మాది కొత్త జిల్లా అయింది. గద్వాలలో సంబరాలు జరిగాయి. నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. కూలీలకు ఇవ్వడానికి చేతిలో చెల్లే నోటు లేక భర్త బ్యాంకు ముందు తెల్లవారుజాము నుంచే నిలబడేవాడు. ఇంట్లో మాటలు కరువయ్యాయి. మసీదులో మొదటి సఫ్‌లో నిలిచే మనిషి సిగ్గుతో చివరి సఫ్‌కు మారిపోయాడు. తన మీద తనకే నమ్మకం పోయింది. భార్య చెప్పేది నిజమే అయితే నేనెవరిని అని లోలోపల కుమిలిపోయాడు. డిసెంబరులో ఆమె పిల్లలను తీసుకుని రాయచూరు దగ్గరి పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఫూఫీ చెప్పిన సంగతి

2017 జనవరిలో రెండు వైపుల పెద్దలు కూర్చున్నారు. మహర్ తిరిగి ఇస్తాను, ఖులా ఇప్పించండి అని భార్య తన తండ్రితో చెప్పించింది. కారణం అడిగితే తల వంచుకుంది. చివరకు భర్త ఫూఫీ ఆమెను లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసి, వీపు నిమురుతూ అడిగింది. అప్పుడు మొదటిసారి అంతా చెప్పింది. ఫూఫీ కాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా అంది.

"బేటీ, వీడు చిన్నప్పుడు నిద్రలనే లేచి పోయి బాయి కాడ కూసుండెటోడు. తెల్లారి అడిగితే నేను పోలేదనేటోడు. దెబ్బలు తిన్నా అదే మాట. వీని తండ్రిది గూడ అదే కథ. నా తమ్ముడే గద, నాకు తెల్వదా?"

ఆ మాట భార్య మనసులో ఏదో తలుపు తీసింది. అబద్ధం చెప్పే పిల్లవాడు దెబ్బలకు నిజం ఒప్పుకుంటాడు కదా. ఒప్పుకోలేదంటే నిజంగానే తెలియదన్నమాట. అప్పుడే ఆమె తమ్ముడు కలగజేసుకున్నాడు. అతడు హైదరాబాదులో ఫార్మసీ చదువుతున్నాడు. నిద్రలో నడిచేవాళ్ళలో కొందరు ఇంకా ఎన్నో పనులు చేస్తారనీ, దానికి వైద్యులు ఉన్నారనీ చెప్పాడు. తొందరపడవద్దని పెద్దలు మూడు నెలల గడువు పెట్టారు. ఆ గడువే లేకపోతే ఈ వ్యాసం ఉండేది కాదు.

మరొక సంగతి చెప్పాలి. కూలీల లెక్కలు రాసేది మా ఇంట్లో భార్యే. అక్షరాస్యతలో బాగా వెనుకబడిన మండలమని మా గట్టుకు పేరు. అయినా పుట్టింట్లో చదివించారు కనుక ఆ పుస్తకం ఆమె చేతిలోనే ఉండేది. ఆ పుస్తకం చివరి పేజీల్లో ఆమె తన బాధ పడిన రాత్రుల తేదీలు గుర్తుగా వేసుకుంది. పుట్టింట్లో ఒంటరిగా కూర్చుని ఆ తేదీలను ముందు పేజీలతో కలిపి చూసింది. ఎక్కువ తేదీలు రాత్రి కరెంటు వచ్చిన వారాలలోనివి. తరువాతివి నిద్రమాత్రలు వేసుకున్న రాత్రులవి. పని లేక భర్త నిండా నిద్రపోయిన పది రోజుల్లో ఒక్క గుర్తు కూడా లేదు. కపటం ఉన్న మనిషి మోటారు వంతు చూసుకుని కపటం చేయడు కదా అని ఆమెకు అనిపించింది.

వైద్యులు చెప్పినది

ఫిబ్రవరిలో గద్వాల స్టేషనులో తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్ళాము. నరాల వైద్య నిపుణుడు భర్తను తక్కువ అడిగాడు, భార్యను ఎక్కువ అడిగాడు. నిద్రపోయిన ఎంతసేపటికి, కళ్ళు తెరిచి ఉంటాయా, పిలిస్తే పలుకుతాడా, మర్నాడు గుర్తుంటుందా, చిన్నప్పుడు నిద్రలో నడిచేవాడా అని అడిగాడు. ఆమె లెక్కల పుస్తకం తీసి ముందుంచింది. ఆయన ఆ చివరి పేజీలను చాలాసేపు చూశాడు.

ఒక రాత్రి నిద్ర పరీక్ష జరిగింది. తలకు, ఛాతీకి తీగలు అతికించి, వేలికి క్లిప్పు పెట్టి, కెమెరా ఉంచి పడుకోబెట్టారు. ఆ రాత్రి ఏమీ జరగలేదు. అయినా గాఢ నిద్రలో నుంచి మెదడు పదే పదే ఉలిక్కిపడి సగం లేవడం కాగితం మీద కనిపించింది. మూర్ఛ జాడలు లేవు. నిద్రలో వచ్చే కొన్ని రకాల మూర్ఛలు కూడా ఇలాగే కనిపిస్తాయి గనుక ముందు దాన్ని తేల్చుకోవాలట. భార్య చెప్పినది, ఫూఫీ చెప్పినది, పుస్తకంలోని తేదీలు, ఆ కాగితం అన్నీ కలిపి వైద్యుడు ఒక పేరు చెప్పాడు. సెక్సోమ్నియా. నిద్రలో నడవడం, నిద్రలో లేచి తినడం వంటి జబ్బుల కుటుంబంలోనిదే ఇదీ.

ఆయన చెప్పినది మాకు అర్థమైన మేరకు ఇలా ఉంది. నిద్ర ఒకే తీరున సాగదు. సుమారు 90 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున లోతు పెరుగుతూ తగ్గుతూ సాగుతుంది. రాత్రి మొదటి మూడో వంతులో గాఢ నిద్ర ఎక్కువ. కలలు ఎక్కువగా వచ్చే దశ తెల్లవారుజాము వైపు పెరుగుతుంది. గాఢ నిద్రలో నుంచి మనిషి లేచేటప్పుడు కొందరిలో మెదడు అంతా ఒకేసారి లేవదు. కాళ్ళు చేతులను కదిలించే భాగం, ఆకలి కోరిక వంటి వాటిని నడిపించే భాగం లేస్తాయి. మంచి చెడు తూచే భాగం, జరిగినది గుర్తుంచుకునే భాగం నిద్రలోనే ఉండిపోతాయి. కనుక పని జరుగుతుంది, దాన్ని చేస్తున్నానన్న ఎరుక ఉండదు. నిద్ర చాలకపోవడం, మనోవేదన, మద్యం, కొన్ని రకాల నిద్రమాత్రలు, గురకతో ఊపిరి ఆగి ఆగి రావడం, పక్కనున్నవారి స్పర్శ ఇవన్నీ ఆ సగం మెలకువను రేపుతాయి. ఈ గుణం కొన్ని వంశాలలో నడుస్తుంది కూడా.

దీన్ని ఇహ్తిలామ్‌తో కలపకూడదు. ఇహ్తిలామ్ ఆరోగ్యవంతులకు కూడా కలిగేది, జబ్బు కాదు, గుసుల్ చేస్తే సరిపోతుంది. మాలో భర్త తన దుస్తుల మీద గుర్తు కనిపించిన రోజుల్లో ఇహ్తిలామ్ అనుకుని స్నానం చేసేవాడు, కనిపించని రోజుల్లో చేసేవాడు కాదు. మొదట చెప్పిన ఫజ్ర్ వేళ గొడవకు మూలం అదే.

వైద్య లోకానికి కూడా ఈ జబ్బు పేరు కొత్తదే. 1986లో సింగపూరు వైద్య పత్రికలో ఇటువంటి ఒక రోగి వివరం వచ్చింది. 2003లో కెనడాలోని టొరంటో వైద్యులు 11 మంది రోగుల వివరాలు ప్రచురించి, సెక్సోమ్నియా అన్న పేరు పెట్టారు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన వ్యాధుల పట్టికలో దీనికి చోటిచ్చింది. టొరంటోలోనే ఒక నిద్ర వైద్యశాలకు వచ్చిన 832 మందిని అడిగితే సుమారు 8 శాతం మంది తమలో ఇటువంటి లక్షణం ఉందన్నారు. వారు నిద్ర జబ్బులతో వచ్చినవారు గనుక ఊరందరిలో ఇంతమంది ఉంటారని కాదు. అయినా మేము ఒంటరివాళ్ళం కామని తెలిసి ఆ రోజు ఇద్దరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాము. స్త్రీలలో కూడా ఈ జబ్బు ఉంటుందని అక్కడే తెలిసింది.

ఎత్తబడిన కలం

పేరు తెలిసింది గదా, ఇక భర్త తప్పేమీ లేదు, భార్య సర్దుకుపోవాలి అని కొందరు బంధువులు తేల్చేశారు. నిద్రపోయేవాడు లేచేదాకా అతని కర్మలు రాసే కలం ఎత్తబడి ఉంటుందన్న హదీసును చూపించారు. ఆ హదీసు నిజమే, అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఉంది. నిద్రలో పలికిన తలాఖ్ కూడా చెల్లదని ధర్మవేత్తలు చెప్పారు. దాన్ని విని భర్త గుండె మీది బరువు కొంత దిగింది. ఆయన కపటి కాడు, పాపి కాడు. కానీ భార్య మనసులో ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆయనకు పాపం లేకపోతే నా చేతుల మీద కమిలిన మచ్చలు కూడా లేనట్లేనా?

ఈ ప్రశ్నతో మేము ఆ ఆలిమ్ గారి దగ్గరకు పోయాము. ఆయన మాకు హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం హిదాయాలోని ఒక సంగతి చెప్పారు. నిద్రలో ఒకడు దొర్లి పక్కనున్నవారి మీద పడి, వారు చనిపోతే ఏమిటి? అతడు హంతకుడు కాడు. అయినా ఆ ప్రాణం ఊరికే పోయినట్లు కాదు, పొరపాటున జరిగిన హత్యకు వలె దియత్, అంటే పరిహారం చెల్లించాలి. పాపాన్ని రాసే కలం ఎత్తబడింది. ఎదుటివారికి కలిగిన నష్టం మాత్రం అలాగే నిలిచి ఉంది. నిద్రపోయేవాడికి అల్లాహ్ ఇచ్చిన సడలింపు అల్లాహ్ హక్కు విషయంలో ఇచ్చినది. తోటి మనిషి హక్కు ఆ సడలింపుతో రద్దు కాదు.

ఆయన చెప్పిన మరొక ఉదంతం మా ఇద్దరికీ ఇంకా నచ్చింది. హజ్రత్ సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) గారి భార్య దైవప్రవక్త (స) ముందుకు వచ్చి, తన భర్త సూర్యుడు ఉదయించేదాకా ఫజ్ర్ నమాజు చేయడని ఫిర్యాదు చేశారు. అప్పుడు సఫ్వాన్ (రజి) కూడా అక్కడే ఉన్నారు. తమ వంశమంతా ఇటువంటిదేననీ, ఎంత ప్రయత్నించినా ఎండ పొడిచేదాకా మెలకువ రాదనీ ఆయన విన్నవించుకున్నారు. అయితే మేల్కొనగానే చెయ్యి అని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఇది అబూ దావూద్‌లో ఉంది. ఇందులో మాకు మూడు సంగతులు కనిపించాయి. భర్త నిద్ర గురించి భార్య ఫిర్యాదు చేస్తే ఆయన విన్నారు, ఆమెను సిగ్గులేనిదానివని అనలేదు. వంశంలో నడిచే నిద్ర గుణాన్ని సాకు అనకుండా స్వీకరించారు. అలాగని వదిలివేయలేదు, మేల్కొన్న క్షణం నుంచి బాధ్యతను అప్పగించారు.

మా కథకు కావలసిన తీర్పు అదే. నిద్రలో జరిగినదానికి భర్త పాపి కాడు. జరుగుతోందని తెలిసిన తరువాత మెలకువలో ఏమీ చేయకుండా మళ్ళీ ఆమె పక్కన పడుకుంటే అది మెలకువలో చేసిన పనే. దానికి జవాబు చెప్పుకోవాలి.

లోకంలోని న్యాయస్థానాలు కూడా ఈ ముడినే విప్పలేక తంటాలు పడ్డాయి. టొరంటోలో ఒక వేడుక తరువాత నిద్రలో ఉన్న ఒక స్త్రీ మీద అత్యాచారం చేశాడన్న అభియోగం మీద ఒక వ్యక్తిని విచారించారు. ఈ జబ్బును కారణంగా చూపగా 2005లో న్యాయస్థానం అతన్ని విడుదల చేసింది. బయట పెద్ద దుమారం రేగింది. 2008లో పై న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. జబ్బు ఉన్నవాడని ఊరికే పంపివేయరాదనీ, ఇతరుల భద్రతను కూడా చూడాలనీ తేల్చింది. పెద్ద పెద్ద న్యాయమూర్తులకు మూడేళ్ళు పట్టిన మాటను మన ఫుఖహా ఎన్నో వందల ఏళ్ళ కిందటే విడదీసి చూపారని చదివినప్పుడు మాకు ధైర్యం కలిగింది.

ఇంట్లో చేసుకున్న మార్పులు

మొదటి మార్పు పడకలది. భార్య, పిల్లలు లోపలి గదిలో, భర్త వసారాలో. పదేళ్ళకు పిల్లల పడకలు వేరు చేయమన్న ప్రవక్త (స) బోధను మేము అప్పటిదాకా ఇరుకిల్లు అన్న సాకుతో వాయిదా వేశాము. ఇప్పుడు పిల్లల పడక వేరే గదికి మారింది, ఆ గదికి లోపలి గొళ్ళెం బిగించాము. భర్త పడుకునే చోటికీ లోపలి గదికీ నడుమ ఉన్న తలుపుకు మేకల మెడలో కట్టే గంట ఒకటి కట్టాము. అది మోగితే భార్యకు మెలకువ వస్తుంది. నిద్రలో ఉన్నవాణ్ణి గట్టిగా కుదపవద్దనీ, కొట్టవద్దనీ, దూరం జరిగి మెల్లగా పడక వైపు మళ్ళించమనీ వైద్యుడు చెప్పాడు. వినని రాత్రి గది దాటి గొళ్ళెం వేసుకోమన్నాడు. వేరు పడక మా మధ్య అలక కాదని, అది చికిత్స అని ఇంటి పెద్దలకు ఫూఫీయే సర్దిచెప్పింది.

రెండవది నిద్ర వేళ. ఇషా తరువాత కబుర్లు దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని మనందరికీ తెలుసు. తెలిసి కూడా రాత్రి పదకొండు దాకా విత్తనం ధరల ముచ్చట్లు పెట్టేవాళ్ళం. అది మానేశాము. మోటారు వంతుకు ఒక పాలేరును పెట్టుకున్నాము. ఖర్చయింది, కానీ ఆమిల్‌కు ఇచ్చినదాని కంటే తక్కువే. ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలను వైద్యుడు ఆపించి, క్లోనజెపామ్ అనే మందును తక్కువ మోతాదులో, కొన్ని నెలలపాటు, తన పరీక్షలో ఉంచి ఇచ్చాడు. ఇది విని ఎవరూ దుకాణంలో కొనుక్కోవద్దని వేడుకుంటున్నాము. కొందరికి అసలు జబ్బు గురకలో ఊపిరి ఆగడం. అటువంటివారికి ఈ మందు కీడు చేయవచ్చు. వారికి రాత్రి ముక్కుకు గాలి పెట్టే యంత్రంతోనే నయమవుతుంది.

మూడవది మాట. ఏదైనా జరిగిన రాత్రి గురించి మర్నాడు భార్య దాచకూడదు, భర్త కాదనకూడదు అని ఒప్పందం చేసుకున్నాము. ఆమె చెప్తుంది, ఆయన క్షమించమంటాడు, గుసుల్ చేస్తాడు, తేదీ పుస్తకంలో ఎక్కుతుంది. నిద్రలో చేసినదానికి క్షమాపణ ఎందుకని ఒకసారి ఒక బంధువు అడిగాడు. దొర్లి పడినవాడు పరిహారం ఎందుకు ఇస్తాడో ఇదీ అందుకేనని భర్త జవాబిచ్చాడు.

అన్నీ ఒకేసారి చక్కబడలేదు. 2017లో రంజాన్ మే నెలాఖరున మొదలయింది. తరావీహ్ తరువాత ఆలస్యంగా పడుకోవడం, సహరీకి లేవడం, మధ్యలో రెండు మూడు ముక్కల నిద్ర. రెండవ వారంలో రెండు రాత్రులు గంట మోగింది. భర్త నిరాశపడి ఇక ఇది పోయేది కాదన్నాడు. భార్య పుస్తకం తెరిచి చూపించింది. నాలుగు నెలల్లో రెండు గుర్తులు. కిందటేడు ఇదే సమయానికి లెక్క లేదు. జొహర్ తరువాత గంటసేపు పడుకోవడం మొదలుపెట్టాక మిగిలిన రంజాన్ ప్రశాంతంగా గడిచింది, అల్హందులిల్లాహ్. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. మా ఊళ్ళో రైతులు పంటకు మేలని సంతోషించారు. మా ఇంట్లో సంతోషం మరొకటి ఉందని ఎవరికీ చెప్పలేదు.

వేరు పడక కూడా కొంతకాలానికి అక్కరలేకపోయింది. ఒకే గదికి తిరిగి రావాలన్న నిర్ణయం భార్యదే. భర్త అడగలేదు. ఆమె భయం పోయిందని ఆమె చెప్పేదాకా ఆగడం తన వంతు అని ఆయన అనుకున్నాడు. గంట మాత్రం తలుపుకు ఇప్పటికీ ఉంది.

చదివేవారికి ఒక మాట

అక్కచెల్లెళ్ళారా, మీకు ఇటువంటి కష్టం ఉంటే మనసులోనే పెట్టుకుని కుమిలిపోకండి. ధర్మం తెలుసుకోవడానికి సిగ్గు అడ్డుపడనివ్వలేదని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. తల్లితోనో, ఫూఫీతోనో, ఖాలాతోనో చెప్పండి. తేదీ, వేళ, ఆ రోజు పని, తిన్న మందు ఒక కాగితం మీద రాసుకోండి. ముందు మీకూ పిల్లలకూ గొళ్ళెం ఉన్న గది చూసుకోండి, తక్కినవి తరువాత. ఓర్పు అంటే దెబ్బలు తింటూ ఊరుకోవడం కాదు.

సోదరులారా, మీ భార్య ఇలా జరుగుతోందని చెప్తే ముందు ఆమెను నమ్మండి. మీకు గుర్తులేకపోవడం ఆమె అబద్ధం చెప్తోందనడానికి సాక్ష్యం కాదు. నిద్రలో మీరు ఏమి చేస్తున్నారో చూసే సాక్షి ఆమె ఒక్కతే. మరొక హెచ్చరిక కూడా చేయాలి. ఈ జబ్బు పేరు విని, మెలకువలో ఉండి మొరటుతనం చేసి నిద్ర మీదికి నెట్టాలని ఎవరైనా చూస్తే, వైద్యుణ్ణి ఒకవేళ ఏమార్చగలరేమో, కునుకు పట్టని ఆ ప్రభువును ఏమార్చలేరు. నిజంగా జబ్బు ఉన్నవాడికి ఒక గుర్తు ఉంది. సంగతి తెలిసిన రోజునే అతడు తన పడక తానే వేరే చోటికి తీసుకుపోతాడు.

భార్యాభర్తలు ఒకరికొకరు దుస్తుల వంటివారని దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పింది. దుస్తులు లోపాన్ని కప్పుతాయి, చలినుంచి ఎండనుంచి కాపాడుతాయి కూడా. మా లోపాన్ని ఎన్నాళ్ళు కప్పుకోవాలో అన్నాళ్ళు కప్పుకున్నాము. ఇప్పుడు మరొక ఇంటిని కాపాడుతుందేమోనని కొంచెం తెరిచాము. ఇందులో మేము హద్దు దాటి ఉంటే అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక. నిద్రను మనకు విశ్రాంతిగా చేసిన ఆ కరుణామయుడు మన ఇళ్ళలోని ప్రతి పడకకూ ప్రశాంతిని, ప్రతి తలుపు వెనుకా భద్రతను ప్రసాదించుగాక. ఆమీన్.